గంజి గిన్నె, మూసబావి

తమ్ముణ్ణి వెతుక్కుంటూ అడవులూ ఏరులూ దాటి వచ్చిన శంపాలతకు గుణపురి కోట కనబడగానే ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

కోట అందమైనదే, కాదనడానికి లేదు. చంద్రకాంత శిలలతో కట్టిన ప్రాకారం, దాని చుట్టూ ఎర్రతామరలు విరబూసిన అగడ్త, అగడ్త మీద వెండి గొలుసులతో వేలాడే వంతెన, మధ్యాహ్నపు ఎండలో కళ్లు మిరుమిట్లు గొలిపే బంగారు కలశాలు. ఇంత సొగసూ చేసి, నాలుగు మూలల బురుజుల మీద నాలుగు రాతిబొమ్మలు నిలబెట్టి మొత్తం తగలేశారు. ఎర్ర బురుజు మీద కళ్లురుముతూ కొండసీమ వాడు. పచ్చ బురుజు మీద నోరంతా తెరిచి ఆవలిస్తూ లంకసీమ వాడు. పసుపు బురుజు మీద ఓరచూపు చూస్తూ రేవుసీమ వాడు. తెల్ల బురుజు మీద మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని వణుకుతూ ఇసుకసీమ వాడు. దేశంలోని జనమంతా ఈ నాలుగు బొమ్మల్లో ఇమిడిపోవాలి. ఇమడనివాడి గతి అధోగతి.

ఇదంతా మాంత్రికుడు గుణభైరవుడి శాస్త్రం. నేల ఎలాంటిదో దాని మీద పుట్టిన మనిషీ అలాంటివాడేనట. రాళ్ల మధ్య పుట్టినవాడు కోపిష్టి, బురదలో పుట్టినవాడు సోమరి, ఉప్పునీటి ఒడ్డున పుట్టినవాడు జిత్తులమారి, ఇసుకలో పుట్టినవాడు పిరికిపంద. ఈ నాలుగు ముక్కలు కనిపెట్టడానికి ఆ మహానుభావుడు ఏళ్ల తరబడి గుహలో తలకిందులుగా వేలాడి తపస్సు చేశాడు. అలా వేలాడితే బుద్ధి ఎటు కారిపోతుందో ఎవరికైనా తెలుస్తుంది, ఒక్క రాజు ధూమకేతనుడికి తప్ప. ప్రజల్ని తెలుసుకునే శ్రమ తప్పిందని రాజు సంబరపడిపోయి, కోటను మాంత్రికుడికి అప్పగించి, తాను పావురాల పందేలు చూసుకుంటూ కూర్చున్నాడు.

పుట్టిన సీమకు తగ్గ గుణం లేనివాణ్ణి పట్టి తెచ్చి, కోట నడిబొడ్డున ఉన్న మూసబావిలో ముంచుతారు. పైకి వచ్చేది ఆ మనిషే, కానీ గుణం సీమది. కన్నతల్లి ఎదురుపడినా గుర్తుపట్టడు.

శంపాలత తమ్ముడు చంద్రాయుధుడు కొండనాయకుడి కొడుకై ఉండీ జన్మలో ఒకణ్ణి తిట్టి ఎరగడు. గుణభైరవుడి భటులు కొండలకు వచ్చి అతని చేతిలో పొగలు కక్కే గంజి గిన్నె పెట్టారు. అదే వాళ్ల పరీక్ష. గిన్నె విసిరికొట్టినవాడు కోపిష్టి, ఒళ్లో పెట్టుకుని కునుకు తీసేవాడు సోమరి, పక్కవాడి చేత ముందు తాగించేవాడు జిత్తులమారి, ముట్టుకోవడానికే జంకేవాడు పిరికి. చంద్రాయుధుడు గిన్నె అందుకుని, నెమ్మదిగా ఊదుకుని, సగం తాగి, మిగతా సగం అక్కడే తోకాడిస్తున్న కుక్కకు పోశాడు. చూస్తున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. శంపాలత అందరికంటే గట్టిగా నవ్వింది. "నువ్వు కొండవాడివేనట్రా?" అంది. ఆమె నవ్వు ఆగేలోపు భటులు వాణ్ణి కట్టేసి బండి ఎక్కించారు. ఆ నవ్వు ఇప్పటికీ ఆమె గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

కోట లోపలి వాకిలి కాపలా లంకసీమ వాళ్లది కాబట్టి ఆమె లంకవాడి వేషం వేసుకుంది. ఆకుపచ్చ తలపాగా, అతికించిన గుబురు మీసాలు, నడుము చుట్టూ దూది కుక్కి కట్టిన పెద్ద బొజ్జ. దూది వెనక చిన్న బాకు. కాళ్లు ఈడ్చుకుంటూ, అడుగడుక్కీ ఆగి నిట్టూరుస్తూ వంతెన దాటింది.

మొదటి వాకిలి దగ్గర కాపలావాళ్లు కొండసీమ వాళ్లే. ఆమె సొంత మనుషులు. ఎర్ర తలపాగాలు కట్టి, వచ్చినవాడి మీదా పోయినవాడి మీదా అరుస్తున్నారు. ఒకడు తన ఈటెను తానే నేలకేసి కొట్టుకుంటున్నాడు. ఇంకొకడు ఒక ముసలమ్మ మీద ఇంతెత్తున లేచి, "కూర్చోవే ముసలీ, ఎండలో నిలబడి చస్తావా!" అని గర్జిస్తూ ఆమె కిందకు పీట తోశాడు. ఇదేం కోపంరా బాబూ అనుకుంది శంపాలత. మాంత్రికుడి ఉప్పు తిని వీళ్లకు కోపగించుకోవడం కూడా చేతకాకుండా పోయిందని చీదరించుకుంది.

"ఎవడ్రా నువ్వు? ఇటు చావు!" అని ఈటెవాడు కేకేసి గంజి గిన్నె ఆమె చేతుల్లో పెట్టాడు. "తాగు, దున్నపోతా! మీ లంకలోళ్ల మొహాలు చూస్తేనే నాకు కడుపులో తిప్పుద్ది!"

ఆమె అరచేతులు కాలుతున్నాయి. వాడి నెత్తిన గిన్నె బోర్లించాలని ప్రాణం పీకుతోంది. మూసబావి దగ్గర కట్టేసి ఉన్న తమ్ముడి మొహం కళ్లముందు కదలడంతో పళ్లు బిగబట్టి, గోడకు చేరగిలబడి, గిన్నె బొజ్జ మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఇంకాసేపటికి గురక కూడా పెట్టింది.

"ఛీ, లంక సరుకే! లోపలికి ఈడ్చిపారెయ్యండి!" అన్నాడు వాడు.

రెండో వాకిలి రేవుసీమ వాళ్లది. పసుపు తలపాగాల కాపలావాళ్లు ముగ్గురు. ఒకణ్ణి ఒకడు నమ్మని జాతి కదా అని గుణభైరవుడు తలుపుకు మూడు తాళాలు వేయించి, మనిషికొక తాళంచెవి ఇచ్చాడు. అపరాధులొస్తే తప్ప ముగ్గురూ కలిసి తలుపు తీయరు. శంపాలత ఆ తలుపు ముందే చాప పరిచినట్టు పడుకుంది.

"లెగవయ్యా! ఇదేమన్నా సత్రం అనుకున్నావా?" అన్నాడొకడు.

"ఏం చెయ్యమంటారండీ," అంది ఆమె ఆవలిస్తూ. "గురువుగారు పంపారు. మీ మూడు తాళంచెవుల్లో ఒకటి దొంగదంట. అసలుది ఎవడో అమ్ముకున్నాడంట. ఎవడో తేలేదాకా ఇక్కడే ఉండి చూడమన్నారు. నాకేం తొందర లేదు, తీరిగ్గానే తేల్చుకోండి."

ముగ్గురి మొహాలూ పాలిపోయాయి. "నాది అసలుదే, కావాలంటే చూసుకో!" అంటూ మొదటివాడు తన తాళం తీసి చూపించాడు. "నాది మాత్రం కాదా?" అని రెండోవాడు తీశాడు. అందరూ తన వంకే చూస్తున్నారని మూడోవాడు హడావిడిగా తనదీ తీశాడు. మూడు తాళాలూ ఊడి నేల మీద పడ్డాయి. దొంగవాడు నువ్వంటే నువ్వని ముగ్గురూ జుట్లు పట్టుకునేలోపు శంపాలత భుజంతో తలుపు నెట్టుకుని లోపలికి జారుకుంది. ఇలాంటి వెధవల్ని కాపలా పెట్టుకున్న మాంత్రికుడు ఎంత గొప్పవాడో అనుకుంటూ పెదవి విరిచింది.

అవతల పాలరాతి నడవా. రెండు పక్కలా మరకతాలు పొదిగిన స్తంభాలు, పైన పటికపు దీపాలు, గోడల నిండా నాలుగు సీమల జనాన్నీ నాలుగు రకాల పశువులుగా గీసిన బొమ్మలు. నడవా చివర మూడో వాకిలి. దానికి అడ్డంగా, తలకింద డాలు పెట్టుకుని కొండలాంటి లంకవాడొకడు గురకపెట్టి నిద్రపోతున్నాడు. ఆ గురకకు దీపాలు అల్లల్లాడుతున్నాయి.

"నీ కాపలా మండిపోను," అనుకుంది శంపాలత. వాణ్ణి దాటడానికి కాలెత్తింది.

టక్కున వాడి చెయ్యి ఆమె చీలమండ పట్టుకుంది. ఇనప కడియం బిగించినట్టుంది ఆ పట్టు. గురక మాత్రం ఆగలేదు. గురక మధ్య మధ్యనే వాడు మెల్లగా మాట్లాడాడు.

"పడుకున్నోణ్ణి దాటకూడదని మీ కొండల్లో సెప్పలేదేటమ్మా?"

ఆమె చెయ్యి బాకు మీదికి పోయింది.

"అది తియ్యకు. రెండో వాకిలోళ్లకి మెరుపు కనపడిపోద్ది. నువ్వు లంకదానివి కాదు. మావోళ్లు నడుస్తా నడుస్తా నిట్టూర్చరు, కూకున్నాక నిట్టూరుస్తారు. కొండపిల్లవి. ఉదయం నుంచీ మూసబావి కాడ కట్టేసున్న అబ్బాయికి ఏమవుతావు?"

"అక్కను," అంది శంపాలత. చెప్పకుండా ఉండలేకపోయింది. "నువ్వు... నిద్రపోవడం లేదా?"

"ఎప్పుడమ్మా నిద్ర? నా పేరు వరదయ్య. మా లంకల్లో వరదొస్తే ఊరూరంతా పశువుల్తో సహా పడవలెక్కిస్తాం, తెల్లారేసరికి గట్టు మీదుంటాం. సోమరోళ్లమైతే ఏనాడో సముద్రంలో కలిసిపోయేవోళ్లం. ఈ గంజి పరీక్షలొచ్చాక అందరం ఆవలించడం నేర్చుకున్నాం. ఆవలించనోణ్ణి బావిలో ముంచుతున్నారు మరి. రేవోళ్లు ఒకళ్లనొకళ్లు అనుమానించడం నేర్చుకున్నారు. మీ ఎర్రపాగావోళ్లు సేలో పిట్టల్ని తోలేవోడిలా అరవడం నేర్చుకున్నారు."

శంపాలతకు పీట తోసిన భటుడు గుర్తొచ్చాడు. ముసలమ్మకు పీట వెయ్యడానికి కూడా పాపం గర్జించాల్సి వచ్చింది. ఇంతసేపూ తానొక్కతే వేషంలో ఉన్నాననుకుంది. దేశం దేశమంతా వేషంలో ఉంది. వీళ్లను చూసి పెదవి విరుస్తూ వచ్చిన తాను, చివరికి మాంత్రికుడి బొమ్మల్నే నమ్ముకుని ఇంతదూరం వచ్చిందన్నమాట. ఆమెకు సిగ్గేసింది.

"మా ఆడది ఆవలించలేకపోయింది," అన్నాడు వరదయ్య. గురక ఒక్క క్షణం తడబడి మళ్లీ అందుకుంది. "గలగలా మాట్లాడేది. నవ్వితే ఏరు దాటి వినపడేది. బావిలోంచి తీశాక పడుకునే ఉంది. బిడ్డ ఏడిసినా అటు తిరగదు." అతను ఆమె కాలు వదిలేశాడు. "పో. నేను నిద్రపోతన్నాను. నిద్రపోయేవోడికి ఏం కనపడద్ది? నా గురక వింటా ఉండు. ఆగిందంటే సైన్యం వస్తందని అర్థం. అప్పుడు నేనేం సెయ్యలేను."

శంపాలత అతన్ని దాటలేదు. పక్కనుంచి చుట్టూ తిరిగి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

మూసబావి మందిరం గుండ్రంగా, ఆకాశానికి తెరుచుకుని ఉంది. చుట్టూ స్ఫటిక స్తంభాలు. మధ్యలో తామ్రపు గట్టు కట్టిన బావి. దానిలో నీళ్లు లేవు. కరిగిన రంగులేవో ఎరుపూ పచ్చా పసుపూ తెలుపూ ఒకదాన్నొకటి కలవకుండా సుడులు తిరుగుతున్నాయి. బావి మీదికి చాచిన దూలం చివర ఒక పలక. ఆ పలక మీద, నడుముకు గొలుసుతో, చంద్రాయుధుడు పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. గట్టు మీద పులితోలు కప్పుకుని, గడ్డం బొడ్డుదాకా పెంచుకుని గుణభైరవుడు నిలబడ్డాడు.

తమ్ముణ్ణి చూడగానే ఆమెకు వేషం సంగతే గుర్తులేదు. మీసం పీకి, బాకు దూసి, "ఒరేయ్ గడ్డపోడా!" అంటూ ఒక్క దూకు దూకింది. పాదాలు నేల తాకినచోటే అతుక్కుపోయాయి. చూస్తే కాళ్లకింద ఎర్రటి ముగ్గు. ఎంత గింజుకుంటే అంత గట్టిగా పట్టేస్తోంది.

గుణభైరవుడు తల వెనక్కి వాల్చి నవ్వాడు. "రా, కొండజాతి ఆడదానా! నీ కోసమే వేశాను ఆ ముగ్గు. కోపంతో కాలుపెట్టినవాళ్ల పాదాలను అది విడువదు. నీ తమ్ముడి కోసం వస్తావనీ తెలుసు, చిందులు తొక్కుతూ వస్తావనీ తెలుసు. రాళ్లలో పుట్టినదానికి ఇంకేం చేతనవుతుంది? చూశావా, నా శాస్త్రం ఎంత నిజమో!"

నిజమే అయిందన్న కసి ఆమెను ఇంకా కోపంతో ఊపేసింది. ముగ్గు మోకాళ్లదాకా పాకింది.

"ఈ గోవులాంటివాణ్ణి మాత్రం సరిచెయ్యాలి," అన్నాడు గుణభైరవుడు. "అయినా ధర్మం తప్పను. బావిలో దించేముందు కడపటి గంజి నా చేతులతోనే ఇచ్చి, మిగిలింది నా చేతులతోనే తిరిగి తీసుకోవాలి. వీడు గిన్నె విసిరికొడితే కొండవాడే. వదిలేస్తాను. ఇదే ఆఖరి అవకాశం."

గుణభైరవుడు పొగలు కక్కే గిన్నెను తన చేత్తోనే దూలం మీదుగా చంద్రాయుధుడి దగ్గరికి జరిపాడు.

"విసిరికొట్టరా!" అని అరిచింది శంపాలత. "ఒక్కసారి కోపం తెచ్చుకో, నా తండ్రీ! వాడి మొహాన కొట్టు! నీ పుట్టినరోజున నీ గువ్వల్ని వదిలేసింది నేనే. నీకిష్టమైన పిల్లనగ్రోవి విరగ్గొట్టింది నేనే. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నేనేరా! తిట్టరా నన్ను!"

చంద్రాయుధుడు ఆమె వంక చూసి చిన్నగా నవ్వాడు. "అవన్నీ నాకు తెలుసక్కా," అన్నాడు. గిన్నె పెదవుల దగ్గరికి తెచ్చుకుని నెమ్మదిగా ఊదుకున్నాడు. గుక్క గుక్కగా తాగాడు. అడుగున కాస్త మిగిల్చి మాంత్రికుడి వైపు చూశాడు. "బాగుందండి. ఉప్పు కాస్త తక్కువైంది."

గుణభైరవుడు విరగబడి నవ్వాడు. "దౌర్భాగ్యుడా! ఇటు తే!"

చంద్రాయుధుడు మర్యాదగా రెండు చేతులతో గిన్నె ముందుకు చాచాడు. దూలం చివరినుంచి అది గట్టు దాకా రాదు. మాంత్రికుడు తన ధర్మం ప్రకారం తానే అందుకోవాలి కనుక ఒక చేత్తో గడ్డం పట్టుకుని, రెండో చెయ్యి చాచి, గట్టు మీదినుంచి ముందుకు వంగాడు. వేళ్లు గిన్నెకు తగలగానే చంద్రాయుధుడు గిన్నె వదిలి మణికట్టు పట్టుకున్నాడు.

"క్షమించండి," అన్నాడు. నిజంగానే నొచ్చుకుంటూ అన్నాడు. అని, పలక మీద వెనక్కి వాలాడు.

గుణభైరవుడు గడ్డంతో సహా తలకిందులుగా బావిలో పడ్డాడు. ఆయనకు అలవాటైన భంగిమే.

ఒక్క క్షణం శంపాలతకు నమ్మబుద్ధి కాలేదు. ఆ తరువాత తమ్ముడి "క్షమించండి" చెవుల్లో మోగి, కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. దూది బొజ్జ ఊడి కిందపడేలా నవ్వింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆ నవ్వులో కోపం ఎక్కడికి పోయిందో, ముగ్గు పట్టు సడలి ఆమె కాళ్లు వాటంతటవే లేచాయి. పరుగున వెళ్లి దూలాన్ని గట్టు మీదికి లాగి, గొలుసు కొక్కెం ఊడదీసి, తమ్ముణ్ణి రెండు చేతులా పొదువుకుంది.

"వెధవా," అంది. "కొండవాడివేరా నువ్వు. కొండ కూడా నీలాగే కదలకుండా కూర్చుంటుంది."

"అక్కా," అన్నాడతను ఆమె భుజం మీదుగా చూస్తూ. "బావి ఉడుకుతోంది."

రంగులు పొంగాయి. ఎర్రటి సుడిలోంచి ఒక చెయ్యి గట్టు పట్టుకుంది. గడ్డం, పులితోలు, నిప్పులు కక్కే కళ్లు. గుణభైరవుడే, పళ్లు పటపటా కొరుకుతూ ఎక్కాడు. అతని వెనకే పచ్చటి సుడిలోంచి ఇంకో గుణభైరవుడు ఆవలిస్తూ పాకి వచ్చి, సరాసరి వాకిలి దగ్గరికి వెళ్లి అడ్డంగా కూలబడ్డాడు. పసుపు సుడిలోంచి ఓరచూపు చూస్తూ ఒకడు. తెల్లటి సుడిలోంచి, గడ్డం నోట్లో కుక్కుకుని వణుకుతూ ఇంకొకడు.

ఒక మనిషికి ఒకే గుణమన్న పెద్దమనిషి కడుపులో ఇన్నాళ్లూ దేశంలోని నాలుగు సీమలూ కాపురం చేస్తున్నాయన్నమాట. ఆ శాస్త్రాన్ని బావిలో వెయ్యా అనుకుంది శంపాలత. వేసేశారు కూడా. ఫలితం నాలుగై వచ్చింది.

కోపిష్టివాడు స్తంభం పక్కనున్న గండ్రగొడ్డలి అందుకున్నాడు. ఓరచూపువాడు చేతులు నలుపుకుంటూ, "నన్నొక్కణ్ణి వదిలెయ్యండి, మిగతా ముగ్గుర్నీ నేనే పట్టిస్తాను," అంటూ వెనక చేత్తో వాకిలి గడియ బిగించాడు. పిరికివాడు గొంతు చించుకుని, "సైన్యం! సైన్యం!" అని కేకలు పెట్టాడు. ఆ గొంతు మాంత్రికుడిదే కనుక కోటంతా మారుమోగింది.

"గొడ్డలివాడు నాకు," అంది శంపాలత, బాకు పిడి బిగించి. తమ్ముడి వైపు తిరిగింది. ఎన్నడూ అతన్ని ఒక మాట సలహా అడిగి ఎరగనిది, ఇప్పుడు అడిగింది. "మిగతావాళ్లను ఏం చేద్దామంటావు?"

"ఆ భయపడేవాడితో నేను మాట్లాడతాను," అన్నాడు చంద్రాయుధుడు. "పాపం, వాడికి మంత్రాలన్నీ గుర్తుండే ఉంటాయి. బావిలో ముంచినవాళ్లందరినీ మళ్లీ మామూలు చేసే మంత్రం కూడా."

శంపాలత నవ్వలేదు. వరదయ్య బిడ్డ ఆమెకు గుర్తొచ్చింది.

"వెళ్లు," అంది. "నీ ఒంటిమీద దెబ్బ పడకుండా నేను చూసుకుంటాను."

గొడ్డలి గాలిలోకి లేచింది. ఆమె ముందుకు ఉరికింది. సరిగ్గా అప్పుడే, ఇంతసేపూ తలుపుకు అవతల సాగుతున్న వరదయ్య గురక ఆగిపోయింది.